గేటు మూసిందెవరు? సింధు జలాల ఒప్పందం మీద ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పన్నెండేళ్లుగా సివిల్స్, గ్రూప్-1 పిల్లలకి పొలిటికల్ సైన్స్ చెబుతున్నాను. అంతర్జాతీయ సంబంధాల చాప్టర్ వచ్చేసరికి ఏటా ఒకటే తంతు. రియలిజం అంటే ఇది, లిబరలిజం అంటే ఇది, కన్‌స్ట్రక్టివిజం అంటే ఇది అని బోర్డు మీద మూడు గళ్లు గీయడం, పిల్లలు ఆ గళ్లని బట్టీ కొట్టడం, ఏ ప్రశ్న వచ్చినా వాటినే తిప్పి తిప్పి రాయడం. ఓసారి మాక్ టెస్టులో నలభై పేపర్లు దిద్దితే ముప్పైకి పైగా ఒకే వాక్యంతో మొదలయ్యాయి. ఎవర్ని తిట్టాలో తెలీలేదు, ఎందుకంటే అది నా నోట్సులోని వాక్యమే, అక్షరం పొల్లుపోకుండా.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. సిద్ధాంతాలు ముందు చెప్పడం మానేసి ఒక్క కేసు పట్టుకుని రెండు వారాలు దాన్నే నలగ్గొడతాం. కొన్ని బ్యాచ్‌లకి క్యూబా క్షిపణి సంక్షోభం తీసుకున్నాను, బాగానే నడిచింది గానీ పిల్లలకి అది సినిమా చూసినట్టే ఉండేది, ఒంటికి తగిలేది కాదు. 1960లో భారత్, పాకిస్తాన్ ఆరు నదుల్ని పంచుకున్న సింధు జలాల ఒప్పందానికి మారాక క్లాసు స్వభావమే మారిపోయింది. కారణం పెద్దదేం కాదు. నీళ్ల పంచాయితీ అంటే మన పిల్లలకి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు, టీఎంసీ, క్యూసెక్కు అనే మాటలు ఇంట్లో విని పెరిగినవాళ్లు. అందుకే మొదటి రోజు నేను చేసే పని లెక్క మార్చడం. ఒప్పందంలో అంతా మిలియన్ ఎకర్ ఫీట్లలో ఉంటుంది. ఒక మిలియన్ ఎకర్ ఫీట్ అంటే 43.56 టీఎంసీలు. భారత్‌కి దక్కిన తూర్పు నదులు రావి, బియాస్, సట్లెజ్ కలిపి ఏడాదికి 33 మిలియన్ ఎకర్ ఫీట్లు, అంటే దాదాపు 1,437 టీఎంసీలు. పాకిస్తాన్‌కి వెళ్లిన పడమటి నదులు సింధు, జీలం, చీనాబ్ కలిపి 135, అంటే 5,880 టీఎంసీలు. పక్కనే నాగార్జునసాగర్ నిల్వ 312 టీఎంసీలు అని రాస్తాను. ఆ మూడు అంకెలు చూశాక క్లాసులో ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు.

ఆ తర్వాత అడిగే మొదటి ప్రశ్న "ఎందుకు" కాదు, "ఎవరు". 1948 ఏప్రిల్ 1న గేటు మూసిందెవరు?

కథ ఇది. 1947లో రాడ్‌క్లిఫ్ గీసిన గీత పంజాబ్‌ని రెండు చేసింది, కాలవల్ని కూడా కోసేసింది. మాధోపూర్, ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్ (నదిలోంచి కాలవల్లోకి నీళ్లు మళ్లించే ఆనకట్టలు, గేట్లు) ఇటువైపు పడ్డాయి, వాటి కింద తడిసే పొలాల్లో చాలా భాగం అటువైపు పడ్డాయి. 1947 డిసెంబర్ 20న రెండు పంజాబుల ఇంజినీర్లు కూర్చుని, ఉన్నది ఉన్నట్టు నడుపుదాం అని తాత్కాలికంగా ఒక స్టాండ్‌స్టిల్ ఒప్పందం రాసుకున్నారు. దాని గడువు 1948 మార్చి 31. విభజన పంపకాల తగాదాలు తీర్చడానికి వేసిన ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ గడువు కూడా అదే రోజు. మర్నాడు నీళ్లు ఆగిపోయాయి. ఖరీఫ్ విత్తనాలు వేసే ముందర. మే 4న ఢిల్లీలో రెండు ప్రభుత్వాల మధ్య ఒక అంగీకారం కుదిరేదాకా నెల రోజులు ఆ టెన్షన్ నడిచింది.

క్లాసులో అందరూ ఒక్క గొంతుతో "ఇండియా మూసింది సార్" అంటారు. నేను కాదంటాను. మూసింది తూర్పు పంజాబ్ ప్రభుత్వం. కొత్తగా పుట్టిన ఒక ప్రావిన్స్. కొత్త దేశాల మధ్య ఇంత పెద్ద అడుగు ఢిల్లీ సౌత్ బ్లాక్‌లో మొదలవలేదు, ఒక రాష్ట్ర నీటిపారుదల శాఖలో మొదలైంది. ఇది ఒప్పుకుంటే, దేశాలు తమ బలం, భద్రత చూసుకునే కదులుతాయనే రియలిజం పెట్టుకున్న మొదటి లెక్క కొంచెం కదులుతుంది. రియలిస్టు పండితులు మోర్గెంథో దగ్గర్నుంచి వాల్ట్జ్ దాకా దేశం అంటే బిలియర్డ్ బంతిలా ఒకే ముద్ద, లోపల ఏముందో మనకి అనవసరం, ఇంకో బంతిని ఎలా కొడుతుందో చూస్తే చాలు. మరి ఇక్కడ బంతిలో ఒక ముక్క విడిగా కదిలింది కదా? కదిలింది. కానీ, ఇదే కానీ దగ్గర పిల్లలు తడబడతారు, అవతలి వాడికి అది ముక్కలా కనపడలేదు. లాహోర్‌లో ఉన్నవాళ్లకి నీళ్లు ఆపింది ఇండియానే. ఆ నెల రోజుల జ్ఞాపకం డెబ్భై ఏడేళ్లయినా వాళ్ల మనసులోంచి పోలేదు. ఎవరు చేశారు అన్నదానికి నిజమైన జవాబు ఒకటి, అవతలి పక్క నమ్మిన జవాబు ఇంకొకటి. రెండో దాని మీద నడిచే సిద్ధాంతం పేరు కన్‌స్ట్రక్టివిజం, తెలుగులో నిర్మాణవాదం. ఈ సంగతి వాళ్లకి మళ్లీ రెండో వారంలో గేట్ల దగ్గర ఎదురవుతుంది.

ఇక పెద్దమనిషి గురించి. వాల్ట్జ్ 1979లో చెప్పిన అనార్కీని మన పుస్తకాల్లో అరాచకం అని రాస్తారు, అది విని పిల్లలు కొట్లాటలు, లూటీలు అనుకుంటారు. నేను "పైన పెద్దమనిషి లేకపోవడం" అంటాను. 2023 నవంబర్ 29 అర్ధరాత్రి దాటాక, తెల్లారితే తెలంగాణలో పోలింగ్, ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీదకి వచ్చి 26 గేట్లలో 13వ గేటు దాకా కంచె వేసి కుడి కాలవకి నీళ్లు వదిలారు. మా క్లాసులో పల్నాడు అబ్బాయి ఒకడు, నల్లగొండ అమ్మాయి ఒకతె ఉన్నారు. ఇద్దరూ అప్పటిదాకా ఒకే బెంచీలో కూర్చునేవాళ్లు.

"మా డ్యామ్‌లో సగం మాది, మా సగం మేం తీసుకున్నాం, తప్పేముంది సార్?" అన్నాడు వాడు.

"అర్ధరాత్రి ఎందుకు తీసుకున్నారో అది చెప్పమనండి సార్ ముందు" అంది ఆ అమ్మాయి, వాడివైపు చూడకుండా.

పది నిమిషాలు అలా సాగనిచ్చాను, ఆపబుద్ధి కాలేదు. తర్వాత అడిగాను: సరే నాన్నా, చివరికి ఎలా తెగింది? కేంద్ర హోం శాఖ కార్యదర్శి వీడియో కాన్ఫరెన్స్ పెట్టాడు, నవంబర్ 28 నాటి స్థితికి వెళ్లమన్నాడు, డ్యామ్ మీదకి సీఆర్‌పీఎఫ్ వచ్చింది. అంతే. ఎవరి వాదన న్యాయమో ఎవరూ తేల్చలేదు, అయినా రెండు పక్కల పోలీసులూ వెనక్కి తగ్గారు. చీనాబ్ మీద ఇదే జరిగితే సీఆర్‌పీఎఫ్‌ని ఎవరు పంపుతారు? అక్కడ క్లాసు నిశ్శబ్దం. అనార్కీ అంటే ఏంటో ఆ తర్వాత మళ్లీ ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. కృష్ణా మీద బచావత్ ట్రిబ్యునల్ ఉంది, దాని తీర్పు నచ్చకపోయినా దాని పైన సుప్రీంకోర్టు ఉంది, రాజ్యాంగం ఉంది. ఇంత ఉన్నా మన దగ్గర తగాదా తెగట్లేదు కదా సార్ అని ఒకడు అన్నాడు. నిజమే. పెద్దమనిషి ఉంటే తగాదా తెగుతుందని వాల్ట్జ్ కూడా అనలేదు, చేతి కర్ర వాడకం మారుతుందన్నాడు.

పైన పెద్దమనిషి లేడు, మధ్యలో ఒక యుద్ధం కూడా అయింది. మరి 1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ ఒకే కాగితం మీద ఎలా సంతకం పెట్టారు? ఇక్కడికి వచ్చేసరికి అందరి చేతులూ లిబరలిజం గడి మీదకి పోతాయి: సంస్థలు, సహకారం, ప్రపంచ బ్యాంకు. పరీక్షలో కూడా ఇదే రాస్తారు, మార్కులూ పడతాయి. నాకు మాత్రం ఈ జవాబు సగమే సరిగ్గా ఉందనిపిస్తుంది. ఈ కేసు మీద నేను గట్టిగా చెప్పే మాట ఒకటే ఉంది, అది చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

1951లో డేవిడ్ లిలియంథాల్ అనే అమెరికన్ రెండు దేశాలూ తిరిగాడు. టెన్నెసీ వ్యాలీ అథారిటీ నడిపినవాడు, అమెరికా అణుశక్తి కమిషన్‌కి మొదటి అధ్యక్షుడు కూడా. తిరిగి వెళ్లి ఒక పత్రికలో వ్యాసం రాశాడు. దాని సారం: ఇది రాజకీయం కాదు, ఇంజినీరింగ్ సమస్య, సింధు బేసిన్ మొత్తాన్ని ఒకే వ్యవస్థలా ఇద్దరూ కలిసి కట్టుకుని నడుపుకోండి, డబ్బు ప్రపంచ బ్యాంకు చూస్తుంది. బ్యాంకు అధ్యక్షుడు యూజీన్ బ్లాక్ ఆ ఆలోచన పట్టుకుని రెండు ప్రధానులకీ రాశాడు. మన సిద్ధాంతాల భాషలో దీన్ని ఫంక్షనలిజం అంటారు. డేవిడ్ మిట్రానీ 1943లోనే చెప్పినది: పోస్టు, రైలు, కరెంటు, నీళ్లు ఇలాంటి పనుల్లో దేశాలు కలిసి పనిచేయడం మొదలుపెడితే ఆ అలవాటు మెల్లగా రాజకీయంలోకీ పాకుతుంది అని. వినడానికి ఎంత బాగుంది!

1952లో వాషింగ్టన్‌లో ఇంజినీర్లు కూర్చున్నారు. కలిసి నడపడం కుదరలేదు. ఎవరి ప్లాన్ వాళ్లు తెచ్చారు, రెండు ప్లాన్లకీ పొంతన లేదు. 1954 ఫిబ్రవరిలో బ్యాంకే చేతులెత్తేసి వేరే ప్రతిపాదన పెట్టింది: కలిసి నడపడం పక్కన పెట్టండి, నదుల్నే పంచుకోండి, మూడు మీకు, మూడు వాళ్లకి. దాని మీద బేరం మరో ఆరేళ్లు సాగింది. భారత్ తరఫున నిరంజన్ దాస్ గుల్హాటీ అనే ఇంజినీర్ ఈ చర్చలన్నీ భుజాన వేసుకున్నాడు. మన పుస్తకాల్లో ఆయన పేరు దాదాపు కనిపించదు, నెహ్రూ ఫొటో ఒకటే ఉంటుంది.

నా మాట ఇదీ: సింధు ఒప్పందం సహకారానికి ఉదాహరణ కాదు, విడాకులకి ఉదాహరణ. అన్నదమ్ములు ఉమ్మడి కాపురం కుదరక బావి ఒకడికి, దిగుడు మెట్లు ఇంకొకడికి పంచుకున్నట్టు కాకుండా, బావి ఒకడికి ఇచ్చి, రెండోవాడికి కొత్త బావి తవ్వుకోడానికి డబ్బిచ్చారు. అక్షరాలా డబ్బే. అటువైపు తూర్పు నదుల మీద ఆధారపడ్డ పొలాలకి పడమటి నదుల నుంచి లింక్ కాలవలు తవ్వుకోవాలి కాబట్టి భారత్ 6 కోట్ల 20 లక్షల పౌండ్లకి పైగా పది సమాన వాయిదాల్లో కట్టింది, ఏటా నవంబర్ 1న. 1965 యుద్ధం సెప్టెంబర్‌లో ఆగింది, నవంబర్ వాయిదా ఆగలేదు. ఇంకో పక్క అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, పశ్చిమ జర్మనీ కలిసి నిధి పెట్టాయి. మంగ్లా డ్యామ్ అలా వచ్చింది. నెహ్రూని లోక్‌సభలో నిలదీస్తే, అవును, ఒక సెటిల్‌మెంట్ కొనుక్కున్నాం అనుకోండి అన్నారు. నాకు ఆ జవాబు నచ్చుతుంది, దాచలేదు కాబట్టి.

1965లో, 1971లో, 1999లో ఆ ఒప్పందం ఎందుకు నిలిచింది అంటే నా జవాబు అదే. నిలబడడానికి దానికి పెద్దగా సహకారం అక్కర్లేదు. రోజూ ఒకరి గడప ఒకరు తొక్కాల్సిన పని లేదు. తూర్పు నదుల్లో భారత్ ఏం చేసుకున్నా, భాక్రా కట్టినా, రాజస్థాన్‌కి కాలవ తవ్వినా అటువైపు వాళ్లని అడగక్కర్లేదు. లిబరల్ పండితుడు రాబర్ట్ కియోహేన్ 1984లో చెప్పిన సంస్థల వాదం ఏంటంటే, సంస్థలు సమాచారం పంచుతాయి, అనుమానం తగ్గిస్తాయి, మాట తప్పితే ఖరీదు పెంచుతాయి. నిజమే, ఒప్పందం కింద రెండు దేశాల కమిషనర్లతో ఏర్పడ్డ శాశ్వత సింధు కమిషన్ ఆ పని చేసింది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ కూర్చున్నారు, లెక్కలు ఇచ్చిపుచ్చుకున్నారు. 118వ సమావేశం 2022 మేలో ఢిల్లీలో జరిగింది. 118 సార్లు! మన కృష్ణా బోర్డు సమావేశాల గురించి నేనేమీ అనను. కానీ కమిషన్‌కి పని తక్కువ ఉంది కాబట్టే అది అంత సాఫీగా నడిచింది అని నా అభిప్రాయం, మీరు కాదనొచ్చు.

దీనికి రుజువు అడిగితే, తగాదాలు ఎక్కడ పుట్టాయో చూడమంటాను. పంచేసిన చోట పుట్టలేదు. పంచకుండా వదిలిన సందులో పుట్టాయి. పడమటి నదులు పాకిస్తాన్‌వే గానీ జమ్మూకశ్మీర్‌లో వాటి మీద భారత్ కరెంటు ప్రాజెక్టులు కట్టుకోవచ్చు, రన్ ఆఫ్ ది రివర్ పద్ధతిలో (పెద్దగా నిల్వ చేయకుండా పారే నీటితోనే), నిల్వ ఇంతకి మించకూడదు, గేట్లు ఇంతకంటే కింద ఉండకూడదు, అని అనుబంధాల నిండా షరతులు. ఇక్కడ మాత్రం రోజూ ఒకరి మాట ఒకరు నమ్మాలి. ఇక్కడే అరవై ఐదేళ్ల తలనొప్పి.

గేట్ల దగ్గర ఆగుదాం, ఎందుకంటే సిద్ధాంతం కంటితో కనపడేది ఇక్కడే. హిమాలయ నదులు నీళ్లతో పాటు మట్టి, ఇసుక మోస్తాయి. డ్యామ్ అడుగున గేట్లు పెట్టి అప్పుడప్పుడు తెరిస్తే ఆ పూడిక కొట్టుకుపోతుంది, లేకపోతే కొన్నేళ్లకి రిజర్వాయర్ ఇసుకతో నిండుతుంది. శ్రీరాంసాగర్ పూడిక గురించి తెలిసిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. భారత ఇంజినీర్‌కి అడుగు గేటు అంటే చీపురు. పాకిస్తాన్ ఇంజినీర్‌కి అదే గేటు కుళాయి, రిజర్వాయర్ని అడుగు దాకా ఖాళీ చేసి మళ్లీ నింపుకునే వీలుంటే విత్తే వారంలో కింద కాలవలు ఎండగట్టొచ్చు అని భయం. ఇనుము అదే, సైజు అదే, అర్థాలు రెండు. కన్‌స్ట్రక్టివిస్టు అలెగ్జాండర్ వెండ్ట్ 1992లో అనార్కీ అనేది దేశాలు దాన్ని ఏం చేసుకుంటే అది అన్నాడు. నేను బోర్డు మీద గేటు బొమ్మ గీసి, ఒక పక్క చీపురు, ఒక పక్క కుళాయి గీస్తాను. నా బొమ్మలు చూసి నవ్వుతారు, కానీ మర్చిపోరు.

చీనాబ్ మీద సలాల్ ప్రాజెక్టు దగ్గర 1978లో రాజీ కుదిరింది. పాకిస్తాన్ అభ్యంతరం మీద భారత్ గేట్ల ఎత్తు తగ్గించి, అడుగు తూములు మూసేయడానికి ఒప్పుకుంది. దౌత్యంలో దాన్ని విజయం అని రాస్తారు. ఇంజినీర్లని అడగండి, పూడికతో నిండిన రిజర్వాయర్ చూపిస్తారు. ఆ చేదు అనుభవం వల్ల చీనాబ్ మీదే కట్టిన బగ్లిహార్ ప్రాజెక్టు దగ్గర భారత్ మెత్తబడలేదు. పాకిస్తాన్ 2005లో ప్రపంచ బ్యాంకుని తటస్థ నిపుణుడిని వేయమంది. స్విట్జర్లాండ్ ఇంజినీర్ రేమండ్ లాఫిట్ వచ్చాడు. 2007 ఫిబ్రవరి 12న తీర్పు ఇచ్చాడు: గేట్లు ఉండొచ్చు, పూడిక సమస్య నిజమే, కానీ డ్యామ్ పైభాగం మీటరున్నర తగ్గించండి, నిల్వ 37.5 మిలియన్ ఘనపు మీటర్ల నుంచి 32.56కి తగ్గించండి.

మళ్లీ లెక్క వేయిస్తాను. 37.5 అంటే 1.32 టీఎంసీ. 32.56 అంటే 1.15. రెండు అణ్వస్త్ర దేశాలు ఏళ్ల తరబడి కొట్లాడుకుని ప్రపంచ బ్యాంకు దాకా వెళ్తే, నిల్వలో తేలిన తేడా టీఎంసీలో ఆరో వంతు చిల్లర. సాగర్‌లో ఒక్క రోజు ఎండకి ఎంత ఆవిరైపోతుందో కనుక్కోండి అని ఎవరో వెనక బెంచీ నుంచి అన్నారు. మరి దేనికోసం కొట్లాడారు? నీళ్ల కోసం కాదన్నది స్పష్టం. మీట ఎవరి చేతిలో ఉండాలి అన్నదాని కోసం. అప్పుడు రియలిస్టు లేచి నిలబడతాడు: నేను మొదట్నించీ చెబుతున్నది అదే కదా, అవతలివాడి ఉద్దేశం మారొచ్చు, వాడి చేతిలోని మీట మారదు, కాబట్టి ఉద్దేశాన్ని కాదు, మీటని చూడు. ఇక్కడ రియలిజం, కన్‌స్ట్రక్టివిజం ఒకే గేటు దగ్గర నిలబడి వేర్వేరు మాటలు చెబుతున్నాయి. రెండూ నాకు నిజమే అనిపిస్తాయి, ఏది ఎక్కువ నిజం అని అడిగితే రోజుని బట్టి జవాబు మారుతుంది.

కిషన్‌గంగ సంగతి త్వరగా చెప్పేస్తాను, జీలం ఉపనది మీద భారత్ కట్టిన కరెంటు ప్రాజెక్టు అది. ఈసారి నిపుణుడు కాదు, మధ్యవర్తిత్వ న్యాయస్థానం. 2013లో తీర్పు: నీళ్లు మళ్లించుకోవచ్చు, కానీ కింద నదిలో కనీసం సెకనుకి 9 ఘనపు మీటర్లు వదలాలి. అంటే 318 క్యూసెక్కులు, మన దగ్గర ఓ మోస్తరు మేజర్ కాలవలో పారే నీళ్లు. అయితే ఆ తీర్పులోనే ఇకపై కట్టే ప్రాజెక్టుల్లో డెడ్ స్టోరేజీ (రిజర్వాయర్ అడుగున వాడకుండా వదిలే నీళ్లు) కంటే కిందకి దించి పూడిక కడగకూడదు అన్నారు. లాఫిట్ ఇచ్చిన దానికి ఇది ఎదురు. ఒకే ఒప్పందం కింద రెండు వేదికలు రెండు మాటలు. 2022లో ప్రపంచ బ్యాంకు కిషన్‌గంగ, చీనాబ్ మీది రాట్లే ప్రాజెక్టుల తగాదాల మీద తటస్థ నిపుణుడినీ, న్యాయస్థానాన్నీ ఒకేసారి నియమించింది. భారత్ కోర్టుకి వెళ్లనంది, నిపుణుడి దగ్గరికి వెళ్లింది. మన ఊళ్లల్లో తనకి అనుకూలమైన పెద్దమనిషి దగ్గర పంచాయితీ పెట్టించుకోవడం లాంటిదే, ఇద్దరూ అదే పని చేశారు. సంస్థలు ఉంటే గొడవ తగ్గుతుంది అనే లిబరల్ మాటకి ఇక్కడ చిన్న తోక తగిలించాలి: సంస్థలు రెండైతే గొడవ ఏ సంస్థలో అన్నదాని మీద కూడా గొడవే.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు. మర్నాడు కేంద్రం సింధు ఒప్పందాన్ని అబెయన్స్‌లో (అంటే రద్దు చేయకుండా నిలిపి ఉంచడం) పెడుతున్నట్టు ప్రకటించింది. ఆ మర్నాడు మా క్లాసుకి ఈ కేసులో ఆరో రోజు. నేను వెళ్లేసరికి ఎవరో బోర్డు మీద పెద్దక్షరాలతో "నీళ్లు బంద్" అని రాసి ఉంచారు. పిల్లల కోపం అర్థం చేసుకోలేనిది కాదు, నాకూ రాత్రి నిద్ర లేదు. ఆ రోజు సిద్ధాంతం చెప్పొద్దు అనిపించింది. చెప్పకుండా, ఆ రాత కింద 3.6 అని మాత్రం రాసి కూర్చున్నాను.

పడమటి నదుల మీద భారత్ మొత్తం నిల్వ చేసుకోడానికి ఒప్పందం ఒప్పుకున్నది 3.6 మిలియన్ ఎకర్ ఫీట్లు. 157 టీఎంసీలు. అదీ మనం పూర్తిగా కట్టుకోలేదు. ఏడాదికి 5,880 టీఎంసీలు పారే నదుల్ని దేనిలో ఆపుతాం? ఆ మధ్యాహ్నం ఒకమ్మాయి తనంతట తనే చెప్పింది: "ఆపలేం సార్. కానీ ఎప్పుడు వదులుతామో చెప్పడం మానేయొచ్చు." అంతే సంగతి. అబెయన్స్ వల్ల వెంటనే చేతికొచ్చింది నీళ్లు కాదు. వరద సమాచారం ఇవ్వకపోవడం, సమావేశాలు ఆపేయడం, ఎండాకాలంలో పూడిక కడిగి మళ్లీ నింపుకోవడం. మే నెలలో సలాల్, బగ్లిహార్ రిజర్వాయర్లు కడిగారని వార్తలొచ్చాయి. సలాల్ గురించి ముందు రోజుల్లో చెప్పుకున్నవాళ్లకి ఆ వార్తలో చీపురు కనపడింది, టీవీ చూసినవాళ్లకి కుళాయి కనపడింది.

అబెయన్స్ అన్న మాట ఒప్పందంలో ఎక్కడా లేదు. పన్నెండో ఆర్టికల్ ప్రకారం రెండు ప్రభుత్వాలూ ఇంకో ఒప్పందం రాసుకునే దాకా ఇది నడుస్తూనే ఉండాలి. 2025 జూన్‌లో ఆ న్యాయస్థానం, ఇలా పక్కన పెట్టినంత మాత్రాన మా అధికారం పోదు అంది. ఆగస్టులో మరో తీర్పు ఇచ్చింది. భారత్ అసలు ఆ న్యాయస్థానాన్నే గుర్తించమంది. క్లాసులో ఎవరు కరెక్ట్ అని అడుగుతారు. నేను డ్యామ్ మీద సీఆర్‌పీఎఫ్ గుర్తుందా అంటాను.

ఈ కేసులో చైనా కుర్చీ ఖాళీగా ఉంటుంది, అది నా తప్పు కాదు, ఒప్పందంలోనే లేదు. సింధు, సట్లెజ్ పుట్టేది టిబెట్‌లో. అటు బ్రహ్మపుత్ర మీద చైనా 2025 జులైలో పెద్ద డ్యామ్ పనులు మొదలుపెట్టింది. సింధులో పైన ఉండి మాట్లాడే మనం బ్రహ్మపుత్రలో కింద ఉండి మాట్లాడాలి. ఒకే క్లాసులో ఉదయం "మా నేల మీద నీళ్లు మా ఇష్టం" అని వాదించిన కుర్రాడికి మధ్యాహ్నం అస్సాం తరఫున వాదించమని ఒక కార్డు ఇచ్చాను. పది నిమిషాల్లో వాడే కింది రాష్ట్రాల హక్కులు, సమాచారం పంచుకోవడం, ముందస్తు నోటీసు అని దంచేశాడు. ఎదురు బెంచీ నుంచి నల్లగొండ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

పద్ధతి గురించి రెండు మాటలు, ఇది వాడదలచుకున్న టీచర్ల కోసం. కార్డుల మీద పాత్రలు రాసి పంచుతాను: 1948 తూర్పు పంజాబ్ మంత్రి, ప్రపంచ బ్యాంకు అధికారి, గుల్హాటీ, అయూబ్ ఖాన్, సీటో కూటమిలోకి పాకిస్తాన్‌ని అప్పుడే చేర్చుకున్న అమెరికా విదేశాంగ శాఖ, లాహోర్ దగ్గర కాలవ చివరి రైతు, బగ్లిహార్ గేట్ ఆపరేటర్. సిద్ధాంతం పేరు ఎత్తినవాళ్లకి ఆ రోజు మార్కులు కట్. మొదటి బ్యాచ్‌లో చేసిన పొరపాటు ఏంటంటే కార్డుల్లో దేశాలే ఎక్కువ పెట్టాను, దాంతో రెండో గంటకే క్లాసు ఇండియా పాకిస్తాన్ మ్యాచ్‌లా తయారైంది, ఒకడు ఏకంగా ఈల వేశాడు. ఇప్పుడు దేశాల కార్డులు నాలుగు మించవు. రాబర్ట్ పట్నం 1988లో చెప్పిన రెండంచెల ఆట, అంటే నాయకుడు బయటివాడితో బేరమాడుతూనే ఇంట్లోవాళ్లతోనూ బేరమాడాలి అన్నది, ఈ మార్పు తర్వాతే పిల్లలకి పట్టుబడింది. నెహ్రూ కార్డు తీసుకున్నవాడు అయూబ్ ఖాన్ కంటే పక్కన కూర్చున్న పంజాబ్, రాజస్థాన్ కార్డులకే ఎక్కువ భయపడ్డాడు.

పేపర్లు ఇప్పుడు కాస్త వేరుగా వస్తున్నాయి. మొన్నటి మాక్ టెస్టులో ఒకరు "1948 ఏప్రిల్ 1న మూసిన గేటుకి ముగ్గురు యజమానులు" అని మొదలుపెట్టారు. ముగ్గురూ ఎవరో నాలుగు పేజీలు రాశారు. స్పెల్లింగులు ఘోరం, పదకొండున్నర వేశాను.

ఒక్క కార్డు మాత్రం ప్రతి బ్యాచ్‌లోనూ టేబుల్ మీదే మిగిలిపోతుంది. జమ్మూకశ్మీర్. నదులు పారేది అక్కడే, డ్యామ్‌లు అక్కడే, నిల్వ మీద షరతులు పడ్డది వాళ్ల కరెంటు మీదే. 2002లో అక్కడి అసెంబ్లీ ఈ ఒప్పందాన్ని సమీక్షించాలని తీర్మానం చేసింది. కరాచీలో 1960లో వాళ్ల పేరుతో కుర్చీ వేయలేదు కాబట్టి నేనూ వేయను. ఆలస్యంగా వచ్చిన వాళ్ల చేతికి ఆ కార్డు ఇచ్చి తలుపు దగ్గర నిలబడమంటాను. రెండు గంటలు వాళ్లు అక్కడే నిలబడి ఉంటారు, ఎవరైనా ఏదైనా అడుగుతారేమో అని చూస్తూ.